తాళం నట్టు, నాయిన డబ్బా

మా పాత కారుకు చక్రానికి నాలుగు నట్లు. మూడు మామూలువి, నాలుగోది తాళం నట్టు. దాని నెత్తి మీద పువ్వులాంటి వంకర గాడి ఉంటది. ఆ గాడికి సరిపోయే చిన్న ఇనుప టోపీ పెడితే తప్ప పానా పట్టదు. అల్లాయ్ చక్రాలను దొంగలు ఎత్తుకుపోకుండా ఈ ఏర్పాటు. నాయిన ఆ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పటి నుంచే అవి ఉన్నయి. ఆయన పోయి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో ఆ టోపీ ఎక్కడుందని మేము ఒక్కసారి కూడా అడుక్కోలేదు.

మొన్న వానాకాలంలో ఒక రాత్రి అమ్మకు ఆయాసం ఎక్కువైంది. పద్మానగర్ నుంచి కళ్యాణ్ ఆసుపత్రికని బయలుదేరినం. కళ్యాణ్ నాకా దాటినాక గుంతలో పడి ముందు చక్రం కూర్చుంది. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, పానా ఉంది. మూడు నట్లు వదులైనయి. నాలుగోదాని టోపీ లేదు. డ్యాష్‌బోర్డు అర, డిక్కీ, స్టెప్నీ కింది గుంత అన్నీ వెతికినం. అమ్మ వెనక సీట్లో ఊపిరి కోసం కిటికీ పట్టుకుని కూర్చుంది. చివరికి ఒక ఆటో ఆగింది. అమ్మకు ఏమీ కాలేదు. కానీ వానలో నిలబడ్డ ఆ ఇరవై నిమిషాలు మేము మర్చిపోలేదు. ఈ రాత ఆ ఇరవై నిమిషాల గురించే.

మా అభిప్రాయం ముందే చెప్తం: పాత కారుకు తాళం నట్లు ఉంటే తీసేయండి, మామూలు నట్లు వేయించండి.

నాయిన పని వల్ల మా బడి చదువు గదగ్‌లో కన్నడ మాధ్యమంలో సాగింది. తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నవే. కన్నడంలో తాళంచెవిని ‘బీగద కై’ అంటరు, అంటే తాళానికి చెయ్యి. మన తెలుగులో తాళానికి చెవి. చెయ్యో చెవో, ఒకటి పోతే తాళం కుంటిదే. ఆ రాత్రి మా కారుది అదే పరిస్థితి.

తెల్లారి మా చిన్నాయన వచ్చిండు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో ముంబై బట్టల మిల్లుల సమ్మె మొదలైనాక పని చాలావరకు భివండి సాంచెల వైపు మళ్లింది. చిన్నాయన సిరిసిల్ల నుంచి ఇక్కడికి వచ్చింది ఆ తర్వాతి ఏళ్లలోనే. బతుకంతా జాబర్ పని, సాంచెలు విప్పుడు, బిగించుడు. మేము సుత్తి ఎత్తంగనే చెయ్యి పట్టుకున్నడు.

“గట్ల కొట్టకు బిడ్డా, అల్లాయ్ పగులుతది. ముందు కారు జాకీ మీది నుంచి కిందికి దించు. నట్టు నేల మీదనే విప్పాలె.”

హ్యాండ్‌బ్రేక్ వేసి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టినం. నట్టు చుట్టూ జంగు వదిలే నూనె కొట్టి గంట సేపు ఆగినం. తర్వాత నట్టు కంటే పిసరంత చిన్నదైన పన్నెండు మూలల పాత సాకెట్‌ను దాని మీద పెట్టి, సుత్తితో నిటారుగా కొట్టి దిగగొట్టిండు. పొడుగు పిడి తొడిగి, ముందు వెంట్రుకంత బిగించి, ఆ తర్వాత విప్పిండు. ‘టక్’మని చప్పుడు. అంతే. సాకెట్‌లో ఇరుక్కున్న నట్టును వెనక నుంచి కడ్డీతో కొట్టి బయటికి తీసిండు. ఇంకో రెండు చక్రాలవి కూడా అట్లనే వచ్చినయి. నాలుగోది మొండికేసింది. దానికి లోపల ఎడమ మెలిక పళ్లుండే సాకెట్ తెప్పించినం. అది విప్పేకొద్దీ నట్టును ఇంకా గట్టిగా కొరికి పట్టుకుంటది.

అన్ని తాళం నట్లూ ఇట్ల లొంగవు. కొన్నిటికి బయటి గొట్టం దానంతటదే గిర్రున తిరుగుతది, సాకెట్ పట్టదు. అసొంటివి చేయి తిరిగిన మెకానిక్‌కే వదిలేయాలె.

“తాళం తీసేస్తే చక్రాలు పోవా?” అని మా బంధువుల్లో ఒకరు అడిగిండ్రు. న్యాయమైన ప్రశ్నే. కొత్త కారు, ఖరీదైన అల్లాయ్‌లు, రోడ్డు మీద పార్కింగ్ అయితే తాళం నట్లు ఉంచుకోండి. అవి దొంగకు కొంత ఆలస్యం చేస్తయి. కానీ చిన్నాయనకు ఒక పాత సాకెట్, సుత్తి సరిపోయినయంటే దొంగకూ అవే సరిపోతయి. పదిహేనేళ్ల కారుకు ఆ తాళం దొంగ కంటే ఎక్కువగా ఆపేది యజమానినే.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మా పనిలో ఒక మాట ఉంది: బ్యాకప్ తీసుకుంటే సరిపోదు, దాన్ని తిరిగి ఎక్కించి చూసినప్పుడే అది బ్యాకప్. ఆఫీసులో రోజూ ఇది చెప్పే మేము ఇంట్లో కారు చక్రం ఒక్కసారి విప్పి చూడలేదు. తప్పు నాయినది కాదు, మాది.

ఉంచుకునేవాళ్లకు నాలుగు మాటలు. టోపీని స్టెప్నీ పక్కన తాడుతో కట్టేయండి. దాంతో పాటు కోడ్ కార్డు వస్తే ఫోటో తీసి ఇంట్లో ఇద్దరికి పంపండి. ఆరు నెలలకోసారి చేత్తో విప్పి చూడండి. పంచర్ షాపులో ఆ టోపీ మీద గాలి గన్ పెట్టనీయకండి, గాడి అరిగిపోతది.

తీసేసేవాళ్లకు ఒక హెచ్చరిక. నట్లు చూడ్డానికి అన్నీ ఒకటే, కానీ మర పళ్ల మధ్య దూరం ఒక కారుకు 1.25 మిల్లీమీటర్లు, ఇంకోదానికి 1.5. కొత్త నట్టు చేత్తో నాలుగు చుట్లు సాఫీగా పోకుంటే అది మన నట్టు కాదు. అడుగు కోసుగా ఉందా, గుండ్రంగా ఉందా అన్నదీ పాతదాంతో కలవాలె. ఎదురెదురుగా బిగించి, వంద కిలోమీటర్లలోపు మళ్లీ ఒకసారి చూడండి.

దసరాకు ఆయుధ పూజ కోసం నాయిన పానాల డబ్బా తెరిచినం. పాత నాడెల మధ్య, నూనె గుడ్డలో చుట్టి, ఆ ఇనుప టోపీ ఉంది. ఆయన లెక్కలో అది కారు సామాను కాదు, పానా. పానా ఉండాల్సిన చోటు పానాల డబ్బా. ఆయన సరిగ్గానే పెట్టిండు. అడగాల్సింది మేమే అడగలేదు.

భివండిలో సాంచెలు తుక్కుకు పోతున్నయి, గోదాములు లేస్తున్నయి. ఏ నట్టు ఎటు తిరుగుతదో తెలిసిన చిన్నాయనలు ఇంకా మన మధ్య ఉన్నరు. ఈ ఆదివారం డిక్కీ తెరిచి టోపీ ఉందో లేదో చూడండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఏది ఎక్కడ పెట్టిండ్రని.