మౌనం అర్ధాంగీకారమా?

మౌనం అర్ధాంగీకారం అంటారు. పెళ్ళిచూపుల్లో తలవంచుకు కూర్చున్న పిల్లని చూసి ఎవరో అల్లిన సామెత కాబోలు. మన సంస్థల సర్వే ఫారాల్లోకి కూడా ఇది చొరబడింది. జవాబు రాకపోతే మనకు తోచింది రాసుకుని పక్కింటికి నడుస్తున్నాం.

2024 సెప్టెంబరు చివర మూసీ ఒడ్డు బస్తీల్లో ఇళ్ళ గోడలమీద అధికారులు ఎర్రరంగుతో గుర్తులు వేశారు. అక్టోబరు మొదట్లో చాదర్‌ఘాట్ దగ్గర కూల్చివేతలు మొదలయ్యాయి. ఆ తర్వాత మూసారాంబాగ్ వైపు కొన్ని ఇళ్ళలో మా కార్యకర్తలు స్త్రీలతో మాట్లాడారు. ఎన్నేళ్ళుగా ఉంటున్నారు, ఏం పని చేస్తారు అంటే గబగబా చెప్పారు. "ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?" అనేసరికి ఒకామె కొంగు మెలిపెడుతూ ఊరుకుంది. గడప దగ్గర భర్త నిలబడి ఉన్నాడు. ఆ నిశ్శబ్దం భరించలేక మా కార్యకర్త "మీ ఆయన పేరు మీదనే గదా అక్కా?" అంది. ఆమె తలూపింది. తలూపడం రికార్డులో వినబడదు. రాతప్రతిలో మాత్రం "అవును" అని చేరింది. మర్నాడు నల్లా దగ్గర ఆమె చెప్పింది వేరు. తన గాజులమ్మి కట్టించిన గదట అది. ఆమె సరేనన్నాకే, పేరు లేకుండా, ఇక్కడ రాస్తున్నాం.

ఆ "అవును" మేం ఆమె నోట పెట్టింది.

తెలంగాణ సాయుధ పోరాటం 1951లో ముగిసింది. అందులో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన సేకరించి "మనకు తెలియని మన చరిత్ర"గా తెచ్చింది 1986లో. అడవిలో కన్నబిడ్డను పరాయివాళ్ళ చేతుల్లో పెట్టిన కమలమ్మ కథ అందులోదే. అంతకాలం లోపల దాచుకున్న దుఃఖం ఫారంలో ఒక గీతమీద పడుతుందా? పక్కన కూర్చునే ఓపిక ఉండాలి.

కాబట్టి అడిగాక ఆగుదాం. ఎంతసేపు ఆగామో, గదిలో ఎవరున్నారో, అత్తగారు వచ్చాక మాట ఎలా మారిందో కూడా రాద్దాం. తలూపితే తలూపిందనే రాద్దాం. అయితే ప్రతి మౌనం వెనకా ఏదో రహస్యముందని తవ్వడం కూడా దౌర్జన్యమే. చెప్పకుండా ఊరుకునే హక్కు ఆమెకుంది. ఒక్కోసారి అది వట్టి అలసట కావచ్చు. అదే ప్రశ్న ఆరోసారి అడిగితే ఎవరికుంటుంది ఓపిక!

మా పాత రాతప్రతులను రికార్డులతో మళ్ళీ సరిచూస్తున్నాం. మీ దగ్గరున్నవి కూడా ఒకసారి తీసి వినండి. మీరు అందించిన జవాబులు ఎన్నున్నాయో మాకు రాయండి.