సుంకరి వ్రాసిన పులి, మన వాకిటి ముగ్గు

పారిసు పట్టణపు పొలిమేర ద్వారములయొద్ద బండ్ల నాపి, లోనికి వచ్చు సరకులపై పన్ను వసూలుచేయు నొక చిన్న యుద్యోగి యుండెను. ఆయన పేరు ఆంరీ రూసో. 1844లో లవాల్ అను ఊర నొక రేకుపనివాని యింట జన్మించి, 1871లో ఆ కొలువున చేరి, నలువది యేండ్ల ప్రాయము సమీపించిన పిదప కుంచె చేతబట్టెను. ఏ చిత్రకళాశాలలోను చదివినవాడు కాడు. పరీక్షకుల నెవరిని నియమింపక, యెవరి పటమునైనను గోడకు తగిలింపనిచ్చు ప్రదర్శన యొకటి ఆ నగరమున జరుగుచుండెను. 1886 మొదలుకొని ఆయన దానికి తన పటములను మోసికొనిపోవుచు వచ్చెను. చూచువారు నవ్విరి. పత్రికలవారు నవ్విరి. ఆయన మాత్రము మరుసటి యేడు మరల తెచ్చి తగిలించెను. మిత్రులు పెట్టిన ‘సుంకరి’ యను పేరే ఆయనకు లోకమున నిలిచిపోయినది. ఆ మాట మన పాఠశాల విద్యార్థులకు మత్తయి మూలమున క్రొత్తది కాదు గదా.

1891లో ఆ సుంకరి తుపానుగాలికి వంగిన పొదల నడుమ కోరలు చాచిన పులి నొకదానిని వ్రాసెను. అది యిప్పుడు లండనులోని నేషనల్ గ్యాలరీలో నున్నది. అడవియన నెట్లుండునో ఆయన యెఱుగడు. ఫ్రాన్సు దేశము దాటి పోయినవాడు కాడు. పారిసు వృక్షశాలలోని గాజుటిండ్ల మొక్కలను, పుస్తకములలోని బొమ్మలను చూచి, తక్కినది తన మనస్సున పెంచుకొనెను. మన అమ్రాబాదు అడవులలో తిరిగినవారికి ఆ పులి పెద్దపులివలె కనబడకపోవచ్చును. మొహర్రము నాడు పాలమూరు వీథులలో పసుపుపచ్చని రంగు పూసికొని, నల్లని చారలు దిద్దుకొని, డప్పునకు తగినట్లు ఎగురు పులివేషగాడు జ్ఞప్తికి రావచ్చును. మే మీ మాట నిందగా చెప్పుటలేదు. ఆ వేషమును చూచి నవ్విన పిల్లలే అది తమవైపు తిరిగినంతనే తల్లి కొంగు పట్టుకొందురు. రూసో పులియు నట్టిదే.

ఆ పటములందలి యాకర్షణ మెక్కడిదని మే మాలోచించితిమి. కళాశాలలో చదివిన చిత్రకారుడు దూరపు చెట్లను ఒక్క పచ్చని మసకగా పూసి, తన నేర్పు చూపును. ఆ నేర్పు రూసోకు లేదు. కావున ప్రతి యాకును విడిగా, అంచు తెలియునట్లు, అప్పుడే నీట కడిగినట్లు వ్రాసెను. ద్వారముకడ ప్రతి మూటను విప్పి చూచిన యలవాటు కుంచెలోనికిని వచ్చినదేమో! ఏ యాకును లెక్క తప్పి పోలేదు. ఇంతటి ఓర్మి గలవానిని చూచి యెంతకాలము నవ్వగలము? 1908లో యువకుడైన పికాసో పాతసామానుల కొట్టులో ఆయన పట మొకటి 5 ఫ్రాంకులకు కొనెను. కొట్టువాడు దానిని చిత్తరువని యమ్మలేదు, పైన మరియొక బొమ్మ వ్రాసికొనుటకు గుడ్డ పనికివచ్చునని యమ్మెను. ఆ యేడే పికాసో తన గదిలో ఆ వృద్ధునకు విందు చేసెను. 1910లో రూసో మరణించెను.

తరువాత 1945లో జాన్ డ్యుబుఫే అను మరియొక ఫ్రెంచి చిత్రకారుడు ఇట్టి చదువులేని చేతుల పనికి ‘పచ్చి కళ’ యను నర్థము వచ్చు పేరు పెట్టి, పిచ్చాసుపత్రులలోని రోగులు, ఖైదీలు, ఒంటరివారు చేసిన బొమ్మలను సేకరించెను. ఆ సేకరణకు స్విట్జర్లాండులోని లోజాను పట్టణమున 1976లో ప్రత్యేక ప్రదర్శనశాల తెరచిరి. ఆంగ్లమున 1972లో రోజర్ కార్డినల్ అను విమర్శకుడు దీనికే ‘వెలుపలివారి కళ’ యని పేరిడెను. ఈ పేరుతోనే మాకు పేచీ. వెలుపల యనగా దేనికి వెలుపల? పారిసులో నీ ప్రశ్నకు సమాధాన ముండవచ్చును. అచ్చట విద్యాపీఠములు, పతకములు, బిరుదులు అను గోడ యొకటి యుండెను, దానికి రూసో వెలుపల నిలిచెను. మన నల్లగొండ, పాలమూరు పల్లెలలో ఆ గోడ యెచ్చట నున్నది?

తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, ముగ్గుపిండిని బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ జారవిడుచుచు ఇల్లాలు చుక్కలు పెట్టును. పదునైదు చుక్కలు, సందుచుక్క ఎనిమిది వఱకు అని పెద్దలు ఒక ముగ్గునకు లెక్క చెప్పుదురు. నడిమి వరుసలో 15, దానికి రెండు ప్రక్కలను 14, 13 చొప్పున తగ్గుచు 8 వఱకు. మొత్తము 169 చుక్కలగును. కాగితముపై కూడి చూచుకొనుడు. చీకటిలో నడుము వంచి, కొలబద్ద లేక, ఆరు వైపులను సమముగా వచ్చునట్లు వానిని నేలపై నిలిపి, తీగ తెగకుండ వాని చుట్టును త్రిప్పుకొని వచ్చుట సామాన్యమైన పనియా? పండుగ వచ్చినచో అరుగులకును గోడల అడుగుభాగమునకును జాజు పూసి, ఆ యెఱుపుపై సున్నముతో చుక్కలు, తీగలు, తామరలు, నెమళ్లు దిద్దుదురు. బోనపు కుండకు సున్నము పూసి పసుపు కుంకుమలతో బొట్లు పెట్టుదురు. వీనిపై ఎవరును తమ పేరు వ్రాసికొనరు. మధ్యాహ్నమునకే మేకలును సైకిళ్లును ముగ్గును త్రొక్కివేయును. మరునాడు మరల వేయుదురు.

ఈ స్త్రీలు దేనికిని వెలుపలివారు కారు. ఊరి నడుమ, తమ గడప ముందు నిలిచి వ్రాయుచున్నారు. వారికి శిక్షణ లేదనుటయు నిజము కాదు. తల్లి కూతునకు నేర్పినది, అత్త కోడలిని దిద్దినది. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఘనమునకును స్తూపమునకును నీడ వేయుట నేర్చి యోగ్యతాపత్రమును పొందితిమి. వారికి అట్టి పత్రము లేదు. తేడా యింతమాత్రమే.

చేర్యాల నకాశీల విషయమున నిది మరింత స్పష్టము. వారు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమన్ను, చింతగింజల జిగురు పట్టించి, ఎఱ్ఱని నేలపై కథాపటములు వ్రాయుదురు. పద్మశాలీలకు మార్కండేయ పురాణము చెప్పు కూనపులివారికిని, ముదిరాజులకు కథ చెప్పు కాకిపడగలవారికిని, మాదిగలకు జాంబపురాణము చెప్పు డక్కలివారికిని ఆ పటములే గ్రంథములు. మూరలకొలది పొడవుగల పటమును నిలువుగా వ్రేలగట్టి, భాగము తరువాత భాగము విప్పి చూపుచు రాత్రి తెల్లవారులు కథ నడపెడివారు. పటము జీర్ణమైనచో దానిని పారవేయక, శాస్త్రోక్తముగా నదిలో కలిపెడివారు. తండ్రి వలన కుమారుడు నేర్చిన యీ వృత్తికారులను ‘శిక్షణ లేని జానపదులు’ అని వ్రాయువారిని చూచి మాకు ఆశ్చర్యము. కథ చెప్పువారు తగ్గిపోగా పటములు కోరువారును తగ్గిరి. ఇప్పుడా యిండ్లలో నెక్కువగా ముఖపు బొమ్మలును, గోడకు తగిలించు చిన్న పటములును తయారగుచున్నవి.

పట్టణపు పెద్దమనుష్యు డట్టి చిన్న పటము నొకటి కొని, కూర్చుండు గదిలో తగిలించి, పల్లెటూరి అమాయకత్వమని మురియును. ఆయనయే తన స్వగ్రామమున క్రొత్తగా కట్టిన సిమెంటు గోడకు తల్లి జాజు పూయబోయినచో మురికి యగునని వారించును. అమాయకత్వ మను నీ మెచ్చుకోలు మాకు నవ్వుకంటె నెక్కువ బాధాకరము. నవ్వినవాడు కనీసము పటమును చూచినాడు.

ఇక మన బడి సంగతి. వారమున కొక గంట చిత్రలేఖనము. ఆ గంట లెక్కల పాఠము మిగిలినచో లెక్కలకు పోవును. మిగులని వారము అచ్చుబొమ్మను చూచి కూజా గీయుదురు. ఉదయము 169 చుక్కల ముగ్గు వేసి వచ్చిన బాలిక ఆ కూజా మెడ వంకరగా వచ్చినదని కన్నీరు పెట్టుకొని, “నాకు బొమ్మలు రావు సారూ” అనును. క్రిస్మసుకు గొల్లలను గీయుమనిన, పాలమూరు పిల్లవాడు గొల్లవానికి గొంగడి కప్పి, చేత కట్టె యిచ్చి, దాపున నల్లగొఱ్ఱెలను నిలుపును. అచ్చుపటములోని తెల్లని గొఱ్ఱెలను అతడు చూడలేదు. అతడు చూచినది గీసినాడు. ఆ కాగితముపై ఎఱ్ఱసిరాతో ‘పటమును చూచి గీయుము’ అని వ్రాయు గురువు అతనికి నేర్పుచున్న దేమి? కన్నులను నమ్మవలదని. మన యూళ్లలో వెలుపల నిలిచినది ఎవరని యడిగినచో, మేము చిత్రలేఖనపు గంటనే చూపుదుము.

“అట్లయిన నేర్పుటయే మానుదమా?” అని మా సహోపాధ్యాయు లొకరు అడిగిరి. కూడదు. రూసోయే అందుకు సాక్షి. ఆయన 1884లో లూవ్రు ప్రదర్శనశాలలోని పూర్వుల పటములను చూచి వ్రాసికొనుటకు అనుమతిపత్రము సంపాదించెను. తనను చూచి నవ్విన విద్యాపీఠపు చిత్రకారులనే గౌరవించెను, వారివలె వ్రాయవలెననియే కోరెను. చదువు లేకుండుట ఆయనకు గర్వకారణము కాదు. దొరకిన చదువు నెల్ల పోగుచేసికొనెను. గొంగడి గొల్లను గీసిన పిల్లవానికి దూరము, దగ్గఱ, నీడ నేర్పవలసినదే. గొంగడిని మాత్రము తీసివేయరాదు.

కావున మా మాట యిది. వచ్చు వార్షికోత్సవమునకు వేదిక ముందరి యావరణమున ఫ్లెక్సీలు కట్టుట మాని, ఆ స్థలమును విద్యార్థుల కిచ్చి చూతము. బాలికలు ముగ్గు వేయుదురు గాక, బాలురును వేయుదురు గాక. వసారా గోడల అడుగున నాలుగడుగుల యెత్తు జాజు పూయింతము. దానిపై ఎవరికి తోచినది వారు సున్నముతో గీయుదురు. ఆ పనికి చిత్రలేఖనపు మార్కులు వేయవలెను, చుక్కల లెక్కను తొమ్మిదవ తరగతి గణితమున చెప్పవలెను. ముగ్గు మన సంఘస్థులకు తగదని కొందఱు తలిదండ్రు లనవచ్చును. డిసెంబరు మాసమున మన క్రైస్తవుల వాకిళ్లలో నక్షత్రపు ముగ్గును వేయుచున్న చేతులు ఎవరివో వారే ఇంటికి పోయి చూచుకొందురు గాక.

తీర్పు చెప్పుటకు పట్టణమునుండి ఎవరిని పిలువవలదు. విద్యార్థుల తల్లులలో నలుగురిని కోరుదము. వారికి కుర్చీలు నీడలో వేయింతము. ఉపాధ్యాయులమైన మేము ఆ పూట సున్నపు బకెట్లు మోయుదుము.