‘నడుం నొప్పేగా’ అని పంపేస్తే ఊరుకునేది లేదు

ఊడ్పులు మొదలైతే మన ఆడకూలీలు పొద్దు వాలేదాకా వంచిన నడుం ఎత్తరు. కుప్ప నూర్చాక 75 కిలోల ధాన్యం బస్తా మగవాళ్ల వీపెక్కుతుంది. యూరియా బస్తాను 50 కిలోల నుంచి 45కి తగ్గించారు కదా అంటారేమో. అది ఎరువు వాడకం తగ్గించడానికి, మన నడుముల మీద దయతో కాదు. మనలో నడుం నొప్పి లేనివాళ్లను వెతుక్కోవాలి. మెడికల్ షాపులో రెండు బిళ్లలు, ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, తెల్లారితే మళ్లీ చేలోకి.

అలా అలవాటైపోయిన నొప్పే ఒకరోజు ప్రాణాంతకంగా మారితే మన మాట వినేవాళ్లు ఉండటం లేదు.

కిందటేడు ఊడ్పుల్లో మన సభ్యురాలు ఒకామెకు సాయంత్రానికి రెండు కాళ్లూ తిమ్మిరెక్కాయి. పొద్దున్నుంచి మూత్రం రాలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. నొప్పి ఎన్నాళ్లుగా ఉందని అడిగారు. పదేళ్లని చెప్పింది. ‘పదేళ్ల నొప్పికి రాత్రిపూట ఎమర్జెన్సీ ఏంటమ్మా!’ అని సూది వేసి పంపేశారు. చుట్టూ మగవాళ్లు ఉండటంతో మూత్రం సంగతి ఆమె నోరు విప్పి చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు. మూడో రోజు పెద్దాసుపత్రిలో స్కానింగ్ తీస్తే, డిస్కు జారి వెన్ను చివరి నరాల కట్టను నొక్కేసిందని తేలింది. ఆపరేషన్ చేశారు. ఈ ఏడు ఆమె ఊడ్పులకు రాలేదు. కాలు ఈడుస్తూ ఇంట్లోనే తిరుగుతోంది.

దీన్ని డాక్టర్లు కాడా ఈక్వైనా సిండ్రోమ్ అంటారు. అరుదైనదే, కానీ వైద్య విద్యార్థులందరూ చదివేదే. మూత్రం బిగబట్టడం లేదా తెలియకుండా పోవడం, మలం ఆగకపోవడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, కాళ్లలో పట్టు తప్పడం దీని గుర్తులు. ఇందులో గంటలు లెక్క. ఆలస్యమయ్యేకొద్దీ పోయిన పట్టు తిరిగొచ్చే ఆశ తగ్గుతుంది. పాత నొప్పి ఉన్న మనిషికి కొత్త ప్రమాదం రాదని ఏ వైద్య గ్రంథంలో ఉంది?

సిబ్బంది చాలరని మాకూ తెలుసు. ఒక్క డాక్టరు వంద మందిని చూడాల్సి రావడం ఆయన తప్పు కాదు, ఖాళీలు నింపని సర్కారుది. కానీ నాలుగు ప్రశ్నలు అడగడానికి రెండు నిమిషాలు చాలు.

ఇది మేం అడుక్కునే దయ కాదు. 1992లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి సభ్యుడొకరు రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలితే, కలకత్తాలో ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపాయి. ఆ కూలీల సంఘం సుప్రీంకోర్టుకెక్కింది. సకాలంలో అత్యవసర వైద్యం అందించకపోవడం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని, డబ్బుల్లేవనే సాకు చెల్లదని 1996లో కోర్టు తేల్చింది. 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది.

నడుం నొప్పితో వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆ ప్రశ్నలు అడగాలి, ఆడవాళ్లనైతే చాటుగా, నర్సు చేత. జవాబు అవునైతే ఆ గంటలోనే 108 ఎక్కించాలి. జిల్లా ఆసుపత్రిలో ఎంఆర్ఐ రాత్రి కూడా నడవాలి. మండల కమిటీలు ఈ నెలలోనే ఈ మూడు డిమాండ్లు రాసి పీహెచ్‌సీల్లో ఇచ్చి, రసీదు తీసుకోవాలి. మన ఆడవాళ్లకు ఒక మాట: అక్కడ సిగ్గుపడొద్దు. నొప్పి కంటే ముందు మూత్రం సంగతే చెప్పండి.