కోర్టుల సాకు చెల్లదు

దున్నేవాడికి భూమి దక్కకపోవడానికి కోర్టులే కారణమన్న మాట ఈ దేశంలో ఏడు దశాబ్దాలుగా చెలామణీ అవుతోంది. పాలకులకు ఇంతకన్నా అక్కరకొచ్చిన మాట మరొకటి లేదు. రికార్డులు తిరగేస్తే మాత్రం అది నిలవదు.

1951 మార్చిలో పాట్నా హైకోర్టు బిహార్ భూసంస్కరణల చట్టాన్ని కొట్టేసింది. దర్భంగా మహారాజు కామేశ్వర్ సింగ్ గెలిచిన కేసు అది. చిన్న జమీందారుకు ఎక్కువ రెట్లు, పెద్ద జమీందారుకు తక్కువ రెట్లు పరిహారం ఇవ్వడం రాజ్యాంగం 14వ అధికరణం ఇచ్చిన సమానత్వ హక్కుకు విరుద్ధమన్నారు న్యాయమూర్తులు. ఆ తీర్పు తప్పు. 1793 నాటి శాశ్వత శిస్తు పద్ధతి నీడలో తరతరాలుగా రైతు రెక్కల కష్టం తిన్న మహా సంస్థానాన్నీ, నాలుగు ఊళ్ల చిన్న జమీనునూ ఒకే గాటన కట్టడం సమానత్వం కాదు. అలహాబాద్, నాగపూర్ హైకోర్టులు తమ ముందుకొచ్చిన జమీందారీ రద్దు చట్టాలను సమర్థించనే సమర్థించాయి.

పార్లమెంటు ఆ తప్పును మూడు నెలల్లో సరిదిద్దింది. తొలి రాజ్యాంగ సవరణతో 31ఎ, 31బి అధికరణాలు, తొమ్మిదో షెడ్యూలు వచ్చాయి. 13 చట్టాలకు కోర్టు సవాళ్ల నుంచి రక్షణ దొరికింది. అక్టోబరులో శంకరీ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు ఆ సవరణను ఆమోదించింది. 1952లో రెండు నిబంధనలు మినహా బిహార్ చట్టమంతటినీ నిలబెట్టింది. తర్వాత కేరళ, మద్రాసు చట్టాలకు కోర్టులో దెబ్బ తగిలితే, 1964లో 17వ సవరణ మరో 44 చట్టాలను షెడ్యూలులో చేర్చింది. ప్రాథమిక హక్కులకు కోత పెట్టే అధికారం పార్లమెంటుకు లేదన్న 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పు సైతం అప్పటికే జరిగిన భూసంస్కరణల జోలికి వెళ్లలేదు. 1973లో ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతి కేసు రాజ్యాంగ మౌలిక స్వరూపానికి కాపలా పెట్టింది. కేరళ భూచట్టాలకు రక్షణనిచ్చిన 29వ సవరణ మాత్రం చెక్కుచెదరలేదు.

మరి భూమి ఎక్కడ ఆగింది? సర్కారు కచేరీల్లో, శాసనసభల్లో ఆగింది. 1948 మద్రాసు చట్టం బొబ్బిలి, పిఠాపురం, వెంకటగిరి వంటి ఎస్టేట్లకు చరమగీతం పాడింది. 1949లో హైదరాబాద్ జాగీర్లు రద్దయ్యాయి. ఎస్టేట్లు పోయినా, సొంత సాగు పేరుతో మంచి భూములు జమీందార్ల చేతుల్లోనే మిగిలాయి. 1961లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన గరిష్ఠ పరిమితి చట్టం కుటుంబానికి 27 నుంచి 324 ఎకరాల దాకా అనుమతించింది. దాన్ని పరిమితి అనడం రైతుకూలీని వెక్కిరించడమే. మాగాణి 10 నుంచి 27, మెట్ట 35 నుంచి 54 ఎకరాలకు దించుతూ 1973లో మరో చట్టం చేశారు. అమలుకు 1975 జనవరి దాకా ఆగారు. ఈలోగా ఆస్తులు పంపకాలయ్యాయి, బినామీ పేర్ల కిందికి చేరాయి. అలా చేయమని ఏ న్యాయస్థానమూ చెప్పలేదు.

ఇంకా పెద్ద నేరముంది. రైతు కోసం పుట్టిన తొమ్మిదో షెడ్యూలులోకి ఎమర్జెన్సీ పాలకులు మీసా చట్టాన్ని దూర్చారు. విచారణ లేకుండా మనుషుల్ని జైల్లో పెట్టే చట్టానికి రైతు పేరిట వచ్చిన రక్షణ కల్పించారు. కేశవానంద తీర్పు వెలువడిన 1973 ఏప్రిల్ 24 తర్వాత షెడ్యూలులో చేర్చిన చట్టాలు మౌలిక స్వరూప పరీక్షకు నిలవాల్సిందేనని 2007లో ఐ.ఆర్. కొయిలో కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. అది సముచితమైన తీర్పు. న్యాయమైన భూచట్టం ఆ పరీక్షకు భయపడనక్కర్లేదు.

జమీందారీ రద్దు ధర్మమే. దానికి అడ్డొచ్చిన ఆస్తి హక్కును పక్కకు జరపడమూ ధర్మమే. ఆ అధికారం చేతికొచ్చాక దాన్ని సగంలో వదిలేసి, నెపం న్యాయమూర్తుల మీదికి నెట్టడం మాత్రం క్షమించరానిది. ఈ నేరంలో ప్రభుత్వాలే దోషులు.

దిద్దుబాటుకు నేటికీ అవకాశముంది. తెలంగాణలో రైతుబంధు సాయం పట్టాదారుకే అందింది, కౌలుదారుకు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కౌలుదారు కార్డును యజమాని అంగీకారానికి ముడిపెట్టింది. ఈ రెంటినీ సరిదిద్దడానికి రాజ్యాంగం అడ్డు కాదు. యజమాని సంతకంతో పనిలేకుండా, గ్రామసభలో విచారించి వాస్తవ సాగుదారు పేరును రికార్డుకెక్కించాలి. సాయం, రుణం, బీమా ఆ పేరుకే అందాలి. ఇందుకు కావలసింది శాసనసభలో ఒక సవరణ, దాన్ని అమలు చేసే ధైర్యం. ఆ బాధ్యత రెండు ప్రభుత్వాలదీ.