అచల కదలిన వేళ

అమరకోశం భూమికి చెప్పిన పేర్లలో ‘అచల’ ఒకటి, ‘స్థిర’ మరొకటి. కదలనిది, నిలకడగలది అని వాటి అర్థం. ఏళ్ల తరబడి ఈ మాటలను తరగతిలో వివరించిన నాకు, నేల సెంటీమీటర్ల లెక్కన కుంగుతుందనీ, ఉబుకుతుందనీ, ఆ కదలికను ఆకాశం నుండి కొలవవచ్చుననీ తెలిసినపుడు ఆశ్చర్యంతోపాటు కొంత దిగులు కూడా కలిగింది.

2025 జూలై 30న శ్రీహరికోట నుండి ‘నిసార్’ ఉపగ్రహం కక్ష్యను చేరింది. ఇస్రో, నాసా కలిసి నిర్మించిన ఈ ఉపగ్రహం పన్నెండు రోజులకొకసారి అదే మార్గానికి తిరిగివస్తుంది. భూమిపైకి రాడార్ తరంగాలను పంపి, తిరిగివచ్చిన వాటిని నమోదు చేస్తుంది. రెండు పర్యాయాల నమోదులను సరిపోల్చి, తరంగదశలోని తేడాను గణిస్తే నేల ఉపగ్రహానికి ఎంత దూరమైనదో, ఎంత చేరువైనదో తేలుతుంది. తరంగం వెళ్లి రావాలి కనుక, తరంగదైర్ఘ్యంలో సగం మేర నేల జరిగితే దశ ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. నిసార్‌లోని ఎల్-బ్యాండ్ తరంగదైర్ఘ్యం సుమారు 24 సెం.మీ. ఆ చుట్టులో స్వల్పభాగాన్ని సైతం గుర్తించగలగడమే ఈ విద్యలోని మర్మం. చీకటి, మబ్బు దీనికి అడ్డు కావు. 1992లో అమెరికాలో వచ్చిన లాండర్స్ భూకంపపు చిత్రంతో ఈ వ్యతికరణ పద్ధతి లోకప్రసిద్ధమైంది.

మన ప్రాంతానికి దీనితో ఏమి పని? అనంతగిరి మీద ఎర్రని నేల. తాండూరు వైపు దిగితే నల్లరేగడి, పలకలు పలకలుగా సున్నపురాయి. ఆ బండలే ఎన్నో ఇళ్లకు గచ్చు అయినవి. గని పక్క ఊరిలో ఒక ఇంటిగోడ బీటవారితే కారణం తవ్వకమా, బోరుబావియా, లేక వానకు ఉబ్బి వేసవికి బిగిసే రేగడి స్వభావమా? కొలత లేనిచోట ఈ ప్రశ్న తగవుగానే మిగులుతుంది.

అయితే ఉపగ్రహం మాట వేదవాక్కు కాదు. రాడార్ నేలను ఏటవాలుగా చూస్తుంది. ఉత్తరానికి పోతూ ఒకసారి, దక్షిణానికి వస్తూ మరొకసారి చూసిన కొలతలను కలిపితే తప్ప నిట్టనిలువు కదలిక సరిగా తేలదు. నిత్యం రూపం మారే గనిగోతిలో రెండు చిత్రాలకు పొత్తు కుదరదు. రేగడిలోని తేమ సైతం లెక్కను తప్పించగలదు. కాని ఇళ్లు, వంతెనలు, బండరాళ్లు ఏళ్లపాటు ఒకే తీరున తరంగాన్ని తిప్పిపంపుతాయి. మనకు కావలసినదీ ఆ ఇళ్ల సంగతే కదా!

2023 జనవరిలో జోషీమఠ్ పట్టణం 12 రోజులలో 5.4 సెం.మీ. కుంగినదని హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాల ఆధారంగా వెల్లడించింది. కొద్దిరోజులకే ఆ నివేదికను వెబ్‌సైటు నుండి తొలగించారు. జనంలో గందరగోళం కలుగుతుందన్నది అధికారుల భావన. ఆ భావన నాకు సమ్మతం కాదు. ఇల్లు ఎవరిదో, అంకె తెలుసుకొనే హక్కు వారిదే.

ఉపగ్రహ సమాచారాన్ని అందుకొనే కేంద్రం షాద్‌నగర్‌లోనే ఉంది. నిసార్ సమాచారం అందరికీ ఉచితమన్నది ప్రకటిత విధానం. దానిని తెలుగులోకి తెచ్చి, గనుల పక్క గ్రామపంచాయతీ గోడమీద ఏటేటా రాయించడం పెద్ద ఖర్చు కాదు. అంకె పక్కనే అది ఏ దిక్కునుండి చూసిన కొలతో, అందులో పొరపాటుకు ఎంత అవకాశమున్నదో కూడా రాయించాలి.