చేపపిల్లకి ఏం పేరు పెడదాం?

వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాయమని మన పదో తరగతి తమ్ముళ్ళు ఫోన్ చేశారు. "లక్ష్యసాధన గురించి రాయండన్నా" అన్నారు. లక్ష్యసాధన గురించి ప్రతి ఏడాదీ కనీసం ముగ్గురు రాస్తారు, ఈసారి కూడా రాసే ఉంటారు. అందుకని నేను చేపలకి పెట్టే పేర్ల గురించి రాస్తున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు గాని మధ్యలో వదిలేయకండి. ఇందులో మన సంగతి కూడా కొంత ఉంది.

కిందటేడు పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుని స్టడీ హాల్లోకి ఒక గాజు తొట్టి కొనిచ్చాం. రెండు గోల్డ్ ఫిష్‌లు, ఆరు గప్పీలు, రెండు నల్ల మోలీలు వేశాం. (గోల్డ్ ఫిష్‌తో గప్పీలని కలపకూడదు, నోట్లో పట్టిన దాన్నల్లా అది మింగేస్తుంది. జువాలజీ పాఠాలు చెప్పే నేను ఆ రోజు పక్కన లేను. ఇప్పుడు గప్పీలు మూడే ఉన్నాయి.) మొన్న సంక్రాంతి సెలవులయ్యాక హాస్టల్‌కి వచ్చినప్పుడు తొట్టి పైన గోడకి ఒక చార్టు కనిపించింది. "చేపల నామకరణం" అని రంగు స్కెచ్‌లతో రాశారు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. పేర్లు మాత్రం నాకు నచ్చలేదు.

రెండు గోల్డ్ ఫిష్‌లకీ ఇద్దరు పెద్ద హీరోల పేర్లు పెట్టారు. ఏ హీరోలో ఇక్కడ రాయను, రాస్తే ఈ పేజీ చిరిగిపోతుంది. ఒక నెలకి వాటిలో ఒకటి చచ్చిపోయిందట. చేప పోయిందని బాధపడేవాళ్ళు లేరు, రెండో హీరో గది వాళ్ళు ఈలలు వేశారట, ఆ రాత్రి రెండు ట్రంకు పెట్టెలు వరండాలోకి ఎగిరి పడ్డాయట. ఎప్పుడూ రాయి చాటున దాక్కుని మేత వేసినప్పుడే బయటికొచ్చే గప్పీకి "వార్డెన్" అని పెట్టారు. దీని గురించి నేనేమీ అనను. మా రోజుల్లోనూ ఇలాంటివి ఉన్నాయి.

పెద్ద మోలీకి "కర్రోడు" అని పెట్టారు. చార్టు మీద నేను ఎక్కువసేపు చూసింది ఆ లైనునే. ఆరో తరగతిలో ఒక తమ్ముణ్ణి కూడా అందరూ ఆ పేరుతోనే పిలుస్తున్నారు. నేను అక్కడ నిలబడి ఉండగానే ఎవరో "కర్రోడికి మేత వేశార్రా?" అని అరిచారు. హాలంతా ఆ పిల్లవాడి వైపు తిరిగి నవ్వింది. వాడూ నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. అలాంటి నవ్వు ఒకప్పుడు నా వల్లే ఒకరి ముఖం మీదికి వచ్చింది.

అది 1999వ సంవత్సరం. నేను ఎనిమిదో తరగతి. బాత్రూముల వెనక పెద్ద సిమెంటు తొట్టి ఉండేది. దోమలు ఎక్కువయ్యాయని మలేరియా వాళ్ళు వచ్చి అందులో గంబూసియా చేపలు వదిలారు. వేలెడంత కూడా ఉండవు. నీటి మీద దోమపిల్లల్ని తిని బతుకుతాయి. మాకు అంతకు ముందు పెంచుకోవడానికి ఏమీ లేదు కాబట్టి వాటికి పేర్లు పెట్టుకున్నాం. ఆ ఏడాదే ఆరో తరగతిలో చేరిన ఒక కుర్రాడు ఉండేవాడు. సన్నగా ఉండేవాడు, నోరు కొంచెం వెడల్పు. వాణ్ణి చూడగానే "జెల్లోడు" అన్నాను. అంతే, ఆ పేరు వాడికి అంటుకుపోయింది. భోజనాల వరసలో, ఆటల్లో, చివరికి స్కూల్లో కూడా జెల్లోడే. వాడి అసలు పేరు హాజరు పట్టీ తీసినప్పుడు రోజుకొక్కసారి వినపడేది.

ఒకరోజు వాడు తొట్టి దగ్గరికి వచ్చి అన్నిటికన్నా పెద్దగా ఉన్న ఆడ చేపని చూపించి పేరు చెప్పాడు. చూస్తే అది వాడి సొంత పేరే, ఇంటిపేరుతో సహా. "ఇది నీ పేరే కదరా జెల్లా!" అని అందరం విరగబడి నవ్వాం. వాడు నవ్వలేదు. "చేప పేరు నాకు పెట్టారు కదా. నా పేరు చేపకి పెట్టాను. దాన్నన్నా ఆ పేరుతో పిలవండన్నా" అన్నాడు.

కథల్లోలాగా మేమంతా ఆ రోజు సిగ్గుపడి మారిపోయామని రాస్తే బావుండేది. మారలేదు. నేను పదో తరగతి రాసి వెళ్ళిపోయేదాకా వాణ్ణి జెల్లోడనే పిలిచాను.

చార్టు దగ్గర ఒక తమ్ముడు నాతో వాదించాడు. "అన్నా, అది చేప. కర్రోడంటే దానికేం తెలుస్తుంది?" అన్నాడు. నిజమే, దానికి తెలియదు. చేపకి పెట్టిన పేరు చేప వినదు, చుట్టుపక్కల ఉన్న మనుషులు వింటారు. అందుకే నా అభిప్రాయంలో చేప పేరుకి ఒకటే పరీక్ష: ఆ పేరుతో మీ ఇంట్లో చిన్న తమ్ముణ్ణో చెల్లెలినో ఎవరైనా బజారులో పిలిస్తే మీకు ఎలా ఉంటుంది? ఒంటి మీదికి కోపం వస్తే ఆ పేరు చేపకి కూడా పనికిరాదు.

మన ఇళ్ళల్లో పేర్లకి పెద్ద చరిత్రే ఉంది. మా తాత పేరు చివర "అయ్య" ఉండేది. రేషన్ కార్డులో మాత్రమే ఉండేది. ఊళ్ళో ఆసాముల పిల్లలు, పదేళ్ళ వాళ్ళు కూడా, ఆ అయ్యని తీసేసి "గా" తగిలించి పిలిచేవాళ్ళు. తాత "అయ్యా" అని పలికేవాడు. ఆయన పేరులోని అయ్య అలా వాళ్ళకి పోయింది, గా ఆయనకి మిగిలింది. పెంటయ్య, పుల్లయ్య అనే పేర్లు విని మీరు నవ్వుతుంటారు. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే తర్వాత పుట్టిన బిడ్డని పెంట మీద ఒకసారి పడుకోబెట్టి తెచ్చుకునేవాళ్ళు, లేదా ఎంగిలి విస్తట్లో పడుకోబెట్టేవాళ్ళు. ఈ బిడ్డ విలువలేనిదని అనుకుని చావు కూడా పక్కకి తప్పుకుంటుందని ఒక ఆశ. ఆ పేరు ఎంత మోటుగా ఉన్నా పెట్టిన తల్లి గుండె దాని వెనక ఉంది. మనం పెట్టే కర్రోడు, పొట్టోడు, జెల్లోడు వెనక ఏముంది?

ఇంకో మాట కూడా వినపడింది. చేపలకి పేర్లు పెట్టుకోవడం డబ్బున్నవాళ్ళ సరదా అని. మనలో సగం మంది కొల్లేరు పక్క ఊళ్ళ వాళ్ళం. అమ్మానాన్నలు చెరువుల మీద మేత వేయడానికో, పట్టుబడికో, కాపలాకో వెళ్ళేవాళ్ళే. మన ఇళ్ళల్లో చేపకి రేటు ఉంటుంది గాని పేరు ఉండదు. తెల్లారేసరికి ఐసులో పేర్చి కలకత్తా లారీ ఎక్కిస్తారు. మా నాన్నకి నేను చేపకి పేరు పెట్టానని చెబితే "ఎన్ని కిలోలుంది?" అని అడిగాడు. ఆయన్ని తప్పు పట్టను. కానీ చేపకి పేరు పెట్టే హక్కు మనకన్నా ఎక్కువ ఎవరికుంది? రోజంతా నీళ్ళలో నిలబడి దాన్ని చూసేది మనవాళ్ళే కదా.

చేపల పేర్లు ఎవరెవరివి అయ్యాయో చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది. గప్పీ అన్నది ఒక మనిషి ఇంటిపేరు. ట్రినిడాడ్‌లో ఉండే గప్పీ అనే ఆయన ఆ చేపల్ని లండన్ మ్యూజియానికి పంపితే 1866లో ఆయన పేరు పెట్టారు. ఆ చేపకి 1859లోనే వేరే శాస్త్రీయ నామం ఉందని తర్వాత తేలింది. పుస్తకాల్లో పేరు మారింది గాని జనం నోట గప్పీ అలాగే నిలిచిపోయింది. మోలీ అంటే ఎవరో దొరసాని పేరనుకునేవాణ్ణి. కాదు, నెపోలియన్ దగ్గర ఖజానా మంత్రిగా చేసిన మోలియన్ పేరది. మన తొట్టిలోని దోమల చేప సంగతి ఇంకా విచిత్రం. క్యూబాలో వల వేసి ఉత్త చేతులతో వచ్చినవాణ్ణి "గంబూసినోలు పట్టావా?" అని ఎగతాళి చేసేవాళ్ళట. అంటే ఏమీ లేదని. ఆ మాట నుంచే గంబూసియా అని పెట్టారు. "ఏమీ లేదు" అని పేరు పెట్టించుకున్న ఆ చేపే ఊరూరా తొట్లలో దోమల్ని తింటోంది.

మంత్రుల పేర్లు, దొరల పేర్లు చేపలకి అతుక్కున్నాయి. వల లాగినవాడి పేరు వీటిలో దేనికీ లేదు. అయినా వాడి మాట అక్కడక్కడ మిగిలింది. ఈస్టిండియా కంపెనీ కాలంలో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉండి రెండు వందల చేపల బొమ్మలు వేయించి 1803లో లండన్‌లో పుస్తకం అచ్చు వేశాడు. మన జాలర్లు చెప్పిన పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. మన తీరంలో కానగర్త అనీ కానాగంత అనీ పిలిచే చేప ఉంది కదా, దాని శాస్త్రీయ నామంలో రెండో మాట ఈనాటికీ "కనగుర్త"యే. మొదటిసారి పుస్తకంలో అది చూసిన రోజు నేను లైబ్రరీలో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ పేరు చెప్పిన జాలరి ఎవరో ఎక్కడా లేదు. మాట మాత్రం ప్రపంచమంతా తిరుగుతోంది.

మన దగ్గర పేర్లకేం కొదవ? శీలావతి, చందువా, వాలుగ, పరిగె, మట్టగిడస. పండుగప్పలో పండగే ఉంది. సముద్రంలో విలసగా ఉన్నది గోదావరి ఎక్కాక పులస అవుతుంది, చోటు మారితే పేరు మారుతుంది. ఇలాంటి భాష ఉండి మనం హీరోల పేర్లు అరువు తెచ్చుకోవడం ఎందుకు?

ముందు ఒక వారం ఊరికే చూడండి, తర్వాత పెట్టండి. రంగుని బట్టి అసలు వద్దు. గోల్డ్ ఫిష్ చిన్నప్పుడు మట్టి రంగులో ఉండి తర్వాత ఎర్రబడుతుంది, కొన్ని ఇంకా తర్వాత తెల్లబడతాయి కూడా. అది చేసే పనిని బట్టి పెట్టండి. మిగిలిన గోల్డ్ ఫిష్ గులకరాయి నోట్లో వేసుకుని ఊసేస్తూ ఉంటుంది. మన మెస్‌లో పప్పులో రాయి వచ్చినప్పుడు మనం చేసేది అదే. దానికి "పప్పురాయి" అనొచ్చు. తోక అంచు జరీలా ఉన్న గప్పీకి "కొంగు" బావుంటుంది. మేత డబ్బా తీయగానే ముందు వచ్చేదానికి "ప్రజెంట్ సార్" అని ఒక ఏడో తరగతి తమ్ముడు చెప్పాడు. నాకన్నా వాడే నయం.

పేరు పెట్టినవాడికి పని కూడా ఉండాలి. ఇంతవరకు ఎవరికి వారు మెతుకులు వేసి నీళ్ళు పాడు చేస్తున్నారు. మన తొట్టిలో చేపలు ఆకలితో చావలేదు, తిండి ఎక్కువై, నీళ్ళు కుళ్ళి చచ్చాయి. హాస్టల్లో ఈ మాట రాయడం వింతగానే ఉంది. ఏ చేపకి ఎవరు పేరు పెట్టారో వాళ్ళే చిటికెడు మేత వేయాలి, వారానికొకసారి పావు వంతు నీళ్ళు మార్చాలి, కుళాయి నీళ్ళు ఒకరోజు బకెట్లో పెట్టి ఉంచాక పోయాలి. పదో తరగతి అయిపోయి వెళ్ళేటప్పుడు కింది తరగతిలో ఒకరికి అప్పజెప్పాలి. ఇంగ్లండులో 1956లో ఒక సంతలో గెలుచుకున్న టిష్ అనే గోల్డ్ ఫిష్ 1999 దాకా, నలభై మూడేళ్ళు బతికింది. మనది అందులో పావు వంతు బతికినా రెండు బ్యాచ్‌ల చేతులు మారాలి.

చేపకి ఏమీ వినపడదని కూడా అనుకోకండి. కార్ల్ వాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త చూపులేని ఒక జెల్ల జాతి చేపని మేత వేసేముందు ఈల వేసి అలవాటు చేశాడు. కొన్నాళ్ళకి ఈల వినగానే గూట్లోంచి బయటికి వచ్చేది. 1923లో దాని గురించి వ్యాసం రాశాడు, యాభై ఏళ్ళకి వేరే పరిశోధనలకి నోబెల్ అందుకున్నాడు. ఆ చేపకి క్సావెర్ల్ అని వాళ్ళ ఊరి పిల్లల్ని పిలిచే ముద్దు పేరు పెట్టుకున్నాడు. అది చదివినప్పుడు నాకు మా జెల్లోడు గుర్తొచ్చాడు.

ఇది రాసేముందు అతనికి ఫోన్ చేశాను. ఇప్పుడు చెరువులకి మేత లారీ తోలుతున్నాడు. పూర్తి పేరు పెట్టి పిలిచాను. "ఎవరండీ?" అన్నాడు. చెప్పాను. కాసేపు ఆగి "ఏంటన్నా, కొత్తగా!" అన్నాడు. సంగతి రాస్తున్నానంటే రాయమన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. "మా పెద్దోడు మీ హాస్టల్లోనే చేరతాడేమో, వాణ్ణి ఏడిపిస్తారు" అన్నాడు.

చార్టు మీద మోలీ పేరుని వైట్‌నర్‌తో చెరిపేశాం. కొత్త పేరు పెట్టమని ఆ ఆరో తరగతి తమ్ముడికే చెప్పాం. అక్కడికక్కడ అడిగితే చెప్పలేదు. ఆదివారం దాకా టైమ్ కావాలన్నాడు.