విదేశీ పాములకు రిజిస్ట్రేషన్ ఒక్కటే చాలదు

"విషం లేదు, గాజుపెట్టె దాటి రాదు. కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు కూడా చేయించాం. ఇంకేం కావాలి?" విదేశీ పాములు పెంచేవాళ్ల మాట ఇది. వినేవాళ్లూ నిజమే కదా అంటున్నారు. నేను ఒప్పుకోను.

2024 ఫిబ్రవరిలో వచ్చిన నమోదు నిబంధనలు సైటీస్ జాబితాలోని జీవులకే వర్తిస్తాయి. అంతర్జాతీయ వ్యాపారం వల్ల ఏ జీవి అంతరించిపోతుందో చెప్పే జాబితా అది. పరాయి నేల మీద పడి అక్కడి జీవుల్ని మింగేసేవి ఏవో అది చెప్పదు. కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ అందులో లేనే లేదు. స్పెయిన్‌కు చెందిన గ్రాన్ కనారియా దీవిలో పెంపకందార్ల చేతుల్లోంచి బయటపడ్డ ఆ పామే, తాను చేరిన చోటల్లా ఆ దీవి పెద్ద బల్లుల్ని దాదాపు తుడిచిపెట్టింది. ఇక్కడ దాన్ని పెంచడానికి ఆ నిబంధనల కింద ఒక్క కాగితం అక్కర్లేదు. మన నాగుపామును ఇంట్లో ఉంచుకుంటే మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు.

"బర్మా కొండచిలువలు పాతుకుపోయిన అమెరికాలోని ఫ్లోరిడా చిత్తడి వేరు, తమిళనాడులోని మన ధర్మపురి ఎండ వేరు" అని ఇంకో వాదన. కస్టమ్స్ తనిఖీల్లో తరచూ దొరికే బాల్ పైథాన్ ఆఫ్రికా గడ్డిమైదానాలది. దానికి ఎండ కొత్తా? ఫ్లోరిడా సంగతే తీసుకుందాం. బర్మా కొండచిలువలతో పాటు ఊపిరితిత్తుల్లో చేరే ఒక ఆసియా పరాన్నజీవి అక్కడికి వెళ్లింది. కొండచిలువలు చేరని చోట్లకు కూడా అది పాకి, అక్కడి నాటు పాముల్ని చంపుతోంది. కావేరి ఒడ్డు అడవుల్లో మన కొండచిలువలకూ ఇలాంటిదేదో అంటదని ఎవరు హామీ ఇస్తారు? 2017లో పాములు పట్టడంలో ఆరితేరిన మన తమిళనాడు ఇరుళ గిరిజనులు మాసి సడయన్, వడివేల్ గోపాల్‌లను ఫ్లోరిడాకు రప్పించుకున్నారు. వాళ్లు ఆనవాళ్లు పట్టి కొండచిలువల్ని బయటికి లాగారు. అంత నేర్పరులు వెళ్లినా ఆ బెడద తీరలేదు.

అంత దూరమెందుకు, హొగెనక్కల్ రేవులో కారం పట్టించి పెనం మీద వేయించి ఇచ్చే జిలేబి చేపను (తిలాపియాను) చూడండి. ఆఫ్రికా చేప. 1952లో దేశంలోకి తెచ్చారు, మంచి ఉద్దేశంతోనే తెచ్చారు. కావేరిలోంచి ఇక దాన్ని ఏరివేయడం ఎవరి తరమూ కాదు.

వన్యప్రాణి చట్టానికి చేసిన 2022 సవరణతో వచ్చిన 62ఎ సెక్షన్, చేటు చేసే విదేశీ జాతుల దిగుమతిని, అమ్మకాన్ని, పెంపకాన్ని నిషేధించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. దాని కింద ఏయే పాములు కూడదో పేరుపేరునా ప్రకటించాలి. ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి చిప్ వేయాలి. పెంచలేక వదిలించుకోవాలనుకునేవాళ్లు అడవిలో వదలకుండా, ఏ కేసు భయమూ లేకుండా ధర్మపురి అటవీ కార్యాలయంలోనే అప్పగించే ఏర్పాటు ముందు జరగాలి.